ఇంజిను మారితే సరిపోదు, మెట్టు కిందికి రావాలి

మీరడిగిన విషయం ఇది. మీ అమ్మగారికి మోకాళ్ల ఆపరేషన్ అయింది, చేతికర్ర లేకుండా నడవలేరు. ఖమ్మం నుంచి హైదరాబాదు ఆస్పత్రికి తరచూ తీసుకురావాలి. ఆర్టీసీ బస్సు మెట్లు ఎక్కించలేక ప్రతిసారీ కారు మాట్లాడుకుంటున్నారు. ఇంకోపక్క కాలుష్యం తగ్గాలంటే అందరూ బస్సుల్లోనే తిరగాలని చెబుతున్నారు, ఎలక్ట్రిక్ బస్సులు వచ్చేస్తున్నాయి అంటున్నారు. అవి వస్తే మీ అమ్మగారి సమస్య కూడా తీరుతుందా, లేకపోతే రాష్ట్ర రవాణా సంస్థలు అసలు చేయాల్సిందేమిటి అని మీ ప్రశ్న.

నేను ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. డిపోల్లో డ్యూటీ చార్టులు వేశాను, బస్టాండ్లలో కంట్రోలరు సీట్లో కూర్చున్నాను. ఇప్పుడు వికలాంగుల సంఘాలవాళ్లు బస్టాండ్లు, స్టాపులు కొలవడానికి పిలిస్తే టేపు పట్టుకుని వెళుతుంటాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటే. పర్యావరణానికి మేలు చేసే ప్రయాణం, అందరూ చేయగలిగే ప్రయాణం అని రెండు వేరువేరు పథకాలు లేవు. రెండూ ఒకే పని. మీ ఇంటి లెక్కే చూడండి. ఖమ్మం నుంచి హైదరాబాదుకు రానూపోనూ దాదాపు 400 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు ఒక్కసారి వచ్చి వెళితే సుమారు 60 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అదే దూరం సుమారు 40 మంది ఉన్న డీజిల్ బస్సులో మీరిద్దరూ వస్తే మీ ఇద్దరి వాటా 11 కిలోలు దాటదు. తేడా మొత్తం ఆ బస్సు మెట్టు దగ్గర పుట్టింది. అమ్మగారు ఎక్కగలిగి ఉంటే ఆ కారు రోడ్డెక్కేది కాదు.

ముందు ఎలక్ట్రిక్ బస్సుల సంగతి చెబుతాను, ఎందుకంటే అక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మామూలు బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 540 గ్రాములు. 12 మీటర్ల ఏసీ ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు సుమారు 1.2 యూనిట్ల కరెంటు తింటుంది. మన దేశంలో ఎక్కువ కరెంటు ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి సగటున యూనిట్‌కు 0.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ లెక్కకొస్తుంది. అంటే కిలోమీటరుకు 840 గ్రాములు. ఏసీ డీజిల్ బస్సు నగరంలో లీటరుకు 3 కిలోమీటర్లకు అటూఇటూ ఇస్తుంది, దాని పొగ కూడా 900 గ్రాముల దగ్గరే ఉంటుంది. డీజిల్‌ను తవ్వి, శుద్ధి చేసి, బంకుకు చేర్చడంలో వచ్చే కార్బన్ కూడా కలిపితే దాని వాటా ఇంకొంచెం పెరుగుతుంది. మొత్తానికి కార్బన్ విషయంలో ఇవాళ్టికి ఎలక్ట్రిక్ బస్సు వల్ల తేడా జనం అనుకున్నంత లేదు. సౌర విద్యుత్తు, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ ఏటా మెరుగవుతుంది. నగరంలో బస్సు వెనక నిలబడి పీల్చే నల్లటి పొగ పోవడం మాత్రం మొదటి రోజు నుంచే దక్కే లాభం. దాన్ని నేను తక్కువ చేయను.

ఇప్పుడు బైకు లెక్క. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైకు మీద ఒక్కరే వెళితే కిలోమీటరుకు 46 గ్రాములు. అంటే డీజిల్ బస్సులో పన్నెండు మంది ఎక్కగానే ఆ పన్నెండు బైకులకు సమానం. పదమూడో మనిషి నుంచి అంతా లాభమే. అందుకే బస్సులో ఇంజిను మార్చడం కన్నా ఆ బస్సును నింపడం పెద్ద పని. నింపాలంటే ఎవరు ఎక్కలేకపోతున్నారో, ఎందుకు ఎక్కలేకపోతున్నారో తెలియాలి.

ఎలక్ట్రిక్ బస్సు బాగా పనికొచ్చే దారులు మన దగ్గరే ఉన్నాయి. 2019 మార్చిలో హైదరాబాదు విమానాశ్రయానికి 40 ఎలక్ట్రిక్ బస్సులతో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 సెప్టెంబరులో తిరుపతి నుంచి తిరుమలకు వేశారు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకుల నుంచే బ్యాటరీకి కొంత కరెంటు తిరిగి చేరుతుంది. అడవిలోంచి పోయే దారిలో పొగ ఉండదు, మోత ఉండదు. అలాంటి చోట వేయడం మంచి నిర్ణయం. ఇప్పుడు కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ అనే ఎలక్ట్రిక్ వాహనాల పథకం కింద హైదరాబాదుకు 2,000 బస్సులు కేటాయించింది. ఈ 2,000 బస్సుల నేల ఎంత ఎత్తులో ఉంటుందన్నదే మీ ప్రశ్నకు అసలు జవాబు.

నగర బస్సులకు కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ రాసిన నమూనాల్లో నేల ఎత్తు మూడు రకాలు. 400 మిల్లీమీటర్లు, 650, 900. 400 అంటే లో ఫ్లోర్, లోపల మెట్టు లేకుండా ఒక్క అడుగులో ఎక్కేయొచ్చు. 650 అంటే లోపల ఒక మెట్టు ఉంటుంది. 900 అంటే మళ్లీ పాత కథే. మన పల్లెవెలుగు బస్సు లారీ చాసిస్ మీద కట్టింది, దాని నేల మీటరు ఎత్తు దాటుతుంది. మొదటి మెట్టు దాదాపు మోకాలి ఎత్తున ఉంటుంది. అక్కడ మోకాలు మడిచి, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, ఒంటి బరువంతా ఒక కాలి మీద మోపి పైకి లేవాలి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు డాక్టర్లు ముందుగా వద్దనే కదలిక సరిగ్గా అదే. గర్భిణులకు, చంకలో బిడ్డ ఉన్నవాళ్లకు, చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కే ప్రతి ఆడమనిషికీ అదే ఇబ్బంది. పైగా వర్షాకాలంలో మెట్టు తడిగా, మట్టిగా ఉంటుంది. ఫుట్‌బోర్డు మీద జారి పడ్డవాళ్లను నేను చూశాను. అందులో ఎక్కువమంది ముసలివాళ్లు.

లో ఫ్లోర్ బస్సు ఒక్కటి కొనేసినా పని అయిపోదు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే టెండర్లు రాసేవాళ్లు కూడా ఇక్కడే ఆగిపోతుంటారు. బస్సు నేల 400 మిల్లీమీటర్లు. తలుపు దగ్గర మడత విప్పి వేసే ర్యాంపు పొడవు ఒక మీటరు అనుకుందాం. స్టాపులో ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు ఉండి, బస్సు దాన్ని ఆనుకుని ఆగితే ర్యాంపు ఎక్కాల్సిన ఎత్తు 250 మాత్రమే. బస్సు ఒకవైపు ఒరిగి కిందికి దిగే ఏర్పాటు ఉంటే ఇంకా తగ్గుతుంది. ఒక మనిషి వెనక నుంచి తోస్తే వీల్‌చెయిర్ లోపలికి పోతుంది. అదే బస్సు రోడ్డు మధ్యలో ఆగితే ర్యాంపు రోడ్డు మీద పడుతుంది, మీటరు పొడవులో 400 మిల్లీమీటర్లు ఎక్కాలి. అది గోడ ఎక్కడం లాంటిదే. వీల్‌చెయిర్ వెనక్కి తిరగబడుతుంది. చూడండి, అదే బస్సు, అదే ర్యాంపు, అదే డ్రైవరు. ఫుట్‌పాత్ ఉన్నచోట పనిచేసింది, లేనిచోట పనికిరాకుండా పోయింది.

మరి ఆ ఫుట్‌పాత్ ఎవరిది? మున్సిపాలిటీదో, రోడ్లు భవనాల శాఖదో, జాతీయ రహదారి అయితే కేంద్రానిదో. ఆర్టీసీది మాత్రం కాదు. షెల్టరును చాలాచోట్ల ప్రకటనల హక్కు ఇచ్చి ప్రైవేటువాళ్లతో కట్టిస్తారు. అందుకే అది బోర్డు బాగా కనిపించే చోట ఉంటుంది, బస్సు ఆగేది దానికి అవతల ఉంటుంది. షెల్టరు ముందు ఆటోలు, తోపుడుబండ్లు నిలుస్తాయి. బస్సు రెండో వరసలో ఆగుతుంది. ముసలావిడ షెల్టరు దిగి, ఆటోల మధ్యలోంచి దారి చేసుకుని, రోడ్డు మీద నుంచి బస్సెక్కాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్‌లో నడవడానికి కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు ప్రాణ హక్కులో భాగమేనని చెప్పి, వికలాంగులకు కూడా పనికొచ్చేలా ఉండాలని రాష్ట్రాలను ఆదేశించింది. ప్రమాణం ఉంది, తీర్పు ఉంది. బస్సునూ స్టాపునూ రోడ్డునూ కలిపి చూసే చేయి మాత్రం బలంగా లేదు. హైదరాబాదుకు ఉమ్మడి రవాణా ప్రాధికార సంస్థను 2008లోనే పెట్టారు. దానికి డబ్బు, సిబ్బంది, మిగతా శాఖల చేత పని చేయించే అధికారం ఇస్తే రాష్ట్ర ప్రభుత్వం చేసే అతి చవకైన పెద్ద పని అదే అవుతుంది. నా ఉద్దేశంలో ఒక్కో రూటు తీసుకుని, ఆ రూటులో లో ఫ్లోర్ బస్సు వేసే రోజుకే అన్ని స్టాపుల ఫుట్‌పాత్‌లూ సిద్ధం చేయాలి. నగరమంతా ఒకేసారి అని కూర్చుంటే ఏదీ కాదు.

అహ్మదాబాదులో 2009లో జన్‌మార్గ్ అనే ప్రత్యేక బస్సు దారి మొదలుపెట్టినప్పుడు దీనికి వేరే దారి ఎంచుకున్నారు. బస్సు నేల 900 మిల్లీమీటర్లే ఉంచి, స్టేషను ప్లాట్‌ఫారాన్నే అంత ఎత్తున కట్టారు. స్టేషనుకు ర్యాంపు ఉంటుంది, అక్కడి నుంచి బస్సులోకి సమంగా నడిచి వెళ్లొచ్చు. విశాఖపట్నంలో పెందుర్తి, సింహాచలం దారుల్లో, విజయవాడలో మనమూ బీఆర్టీఎస్ రోడ్లు, అంటే బస్సులకే వేరు వరస ఉండే రోడ్లు, వేసుకున్నాం. రోడ్డు వేయడం దగ్గరే మన ఉత్సాహం ఆగిపోయింది. ఎక్కే చోటు, బస్సు నేల కలిపి ఆలోచించి ఉంటే ఆ దారులు ఇవాళ మెట్రోకు తీసిపోకుండా పనిచేసేవి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దూరప్రాంత బస్సుల సంగతి వేరు. ఖమ్మం–హైదరాబాదు లాంటి దారిలో సూపర్ లగ్జరీకి లో ఫ్లోర్ కుదరదు, కింద సామాన్ల డిక్కీ ఉండాలి. అక్కడ బస్టాండులో ఏర్పాటు కావాలి. మన బస్టాండ్లలో చాలాచోట్ల బస్సు ముక్కు ప్లాట్‌ఫారానికి ఆనించి పెడతారు. తలుపు ప్లాట్‌ఫారం అంచుకు కొంచెం వెనకే ఉండిపోతుంది. అందువల్ల ప్రయాణికుడు ప్లాట్‌ఫారం నుంచి కిందికి దిగాలి, రెండు బస్సుల మధ్య సందులోకి వెళ్లాలి, అక్కడ నేల మీద నుంచి మళ్లీ మూడు నాలుగు మెట్లు ఎక్కాలి. ప్లాట్‌ఫారం ఎత్తు అక్కడ సాయం చేయాల్సిందిపోయి అదనపు అడ్డంకి అయింది. దీనికి కోట్లు అక్కర్లేదు. ప్రతి పెద్ద బస్టాండులో ఒకటో రెండో బేలలో, అంటే బస్సు నిలిపే గళ్లలో, బస్సు పక్కగా ఆగేలా గీత మార్చి, చక్రాల మీద తోసుకొచ్చే ఎత్తు ప్లాట్‌ఫారం ఒకటి ఉంచితే చాలు. వెల్డింగు షాపులో చేయించగలిగేదే. ఒక పక్క ర్యాంపు, పైన సమంగా ఉండే చోటు, రెండు వైపులా పట్టుకోవడానికి రాడ్లు. దాన్ని తలుపు దగ్గరికి తోస్తే మోకాళ్లు నొప్పున్న మనిషి మెల్లగా నడిచి బస్సులోకి వెళ్లిపోతుంది. దానితోపాటు ముందు వరస సీట్లు బుకింగులో వీళ్లకే కేటాయించి, బయల్దేరే టైముకు పది నిమిషాల ముందే తలుపు తీయాలి. బస్టాండులో వీల్‌చెయిర్ వెళ్లగలిగే మరుగుదొడ్డి, దాని తాళం కంట్రోలరు గదిలో ఎప్పుడూ దొరకడం కూడా ఇందులో భాగమే. మరుగుదొడ్డి ఉండదని నీళ్లు తాగకుండా ప్రయాణం చేసే ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

ఇప్పుడు కాంట్రాక్టుల మాట. ఎలక్ట్రిక్ బస్సులను సంస్థలు ఇప్పుడు ఎక్కువగా కొనడం లేదు. కంపెనీయే బస్సు తెస్తుంది, డ్రైవరు కూడా కంపెనీ మనిషే. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది, కండక్టరు ఆర్టీసీవాడు. 2022లో అయిదు నగరాలకు కలిపి కేంద్ర సంస్థ పిలిచిన టెండరులో 12 మీటర్ల బస్సుకు కిలోమీటరు ధర 43 రూపాయల చిల్లరకు దిగింది. అందులో హైదరాబాదు కూడా ఉంది. ఒప్పందం పది పన్నెండేళ్లు నడుస్తుంది. ఇందులో ఒక విషయం గుర్తుపెట్టుకోండి. డ్రైవరు మన ఉద్యోగి కాదు కాబట్టి డిపో మేనేజరు పిలిచి మందలిస్తే సరిపోదు. ఒప్పందంలో రాసినదే జరుగుతుంది. ర్యాంపు పనిచేయకపోతే ఆ ట్రిప్పుకు ఇంత కోత, స్టాపులో ఫుట్‌పాత్‌కు దూరంగా ఆపితే ఇంత, లోపల స్టాపు పేరు చెప్పే స్పీకరు మూగబోతే ఇంత అని రాయాలి. రోజూ ఉదయం డిపో గేటు దాటే ముందు టైర్ల గాలి చూసినట్టే ర్యాంపు విప్పి చూడాలి. టెండరులో లేనిదాన్ని పన్నెండేళ్లపాటు ఎవరూ తెచ్చి పెట్టరు. చెన్నైలో వికలాంగుల హక్కుల కార్యకర్తలు లో ఫ్లోర్ బస్సుల కోసం ఏళ్ల తరబడి హైకోర్టులో పోరాడారు. 2024లో అక్కడ మళ్లీ లో ఫ్లోర్ బస్సులు రోడ్డెక్కాయి. మనం టెండరు పిలిచే ముందే మేల్కోవచ్చు.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ బస్టాపులు, స్టేషన్లు, వాహనాలు, రోడ్లు అన్నీ వికలాంగులు వాడుకోగలిగేలా ఉండాలంటుంది, కుదిరిన చోట పాత వాహనాలను కూడా మార్చాలంటుంది. అయితే దాని కింద చేసిన నిబంధనల్లో ప్రమాణాలను సలహాల్లా రాశారు. పాటిస్తే పాటించొచ్చు అన్నట్టు. చూపులేని రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం చేత దేశమంతా పరిశీలన చేయించింది. ఆ నివేదిక చూశాక 2024 నవంబరు 8న ఆ నిబంధనల్లోని 15(1) చట్టానికే విరుద్ధమని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. అందువల్ల ఇప్పుడు ఏ రాష్ట్ర సంస్థ అయినా ఇది దయతో చేసే పని అనడానికి వీల్లేదు.

సర్వీసుల సంఖ్య గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. అసలు బస్సే రాకపోతే నేల ఎత్తు ఎంతైతే ఏం? కేంద్రం పెట్టిన ప్రమాణంలో మంచి స్థాయి అంటే లక్ష జనాభాకు 60 బస్సులు. కోటి దాటిన హైదరాబాదుకు ఆ లెక్కన ఆరు వేలు ఉండాలి. ఉన్నవి మూడు వేల దరిదాపుల్లోనే. పల్లెల్లో పరిస్థితి వేరే రకం. రోజుకు రెండు ట్రిప్పులు, ఒక నైట్ హాల్ట్, అంటే రాత్రి ఊళ్లోనే ఆగి పొద్దున బయల్దేరే బస్సు. ఆ నైట్ హాల్ట్ బస్సే పొద్దున కాలేజీ పిల్లల్ని, ఆస్పత్రికి వెళ్లేవాళ్లని మండలానికి చేరుస్తుంది. అది ఎత్తేస్తే ఆ ఊళ్లో వచ్చే ఏడాదికల్లా బైకులు పెరుగుతాయి. బైకు నడపలేనివాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు.

ఎందుకు ఎత్తేస్తారంటే, డిపోను ఈపీకేతో కొలుస్తారు కాబట్టి. అంటే కిలోమీటరుకు వచ్చే ఆదాయం. దాని పక్కనే ఓఆర్, అంటే సీట్లు ఎంత శాతం నిండాయన్నది, కేఎంపీఎల్, అంటే లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు వచ్చాయన్నది. నెలవారీ సమీక్షలో డిపో మేనేజరు గారిని అడిగేవి ఇవే. ఎంతమంది ముసలివాళ్లు ఎక్కారు, ఎన్ని ఊళ్లకు పొద్దున పూట బస్సు ఉంది, ఎన్ని బస్సుల్లో ర్యాంపు పనిచేస్తోంది అని ఎవరూ అడగరు. అడగనిదాన్ని ఎవరు పట్టించుకుంటారు? 1950 రోడ్డు రవాణా సంస్థల చట్టంలోనే రెండు మాటలూ ఉన్నాయి. 18వ సెక్షన్ సమర్థమైన, సరిపడా, పొదుపైన, సమన్వయం ఉన్న సేవ అందించమంటుంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల మీద నడవమంటుంది. మనం 22ను మాత్రమే బాగా చదివాం. నష్టం వచ్చే పల్లె ట్రిప్పు ప్రజలకు అవసరమనుకుంటే ఆ నష్టాన్ని ప్రభుత్వం ముందే ఒప్పుకుని, కిలోమీటర్ల లెక్కన నెలనెలా సంస్థకు కట్టాలి. డిపో మేనేజరు మెడ మీద వేయకూడదు.

ఆడవాళ్ల ఉచిత ప్రయాణం విషయంలో ఇదే జరగాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి. తెలంగాణలో 2025 జూలై నాటికే 200 కోట్ల ఉచిత ప్రయాణాలు దాటాయి. నేను ఈ పథకాలను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఇంట్లో డబ్బు అడగాల్సిన పని లేకుండా ఆడవాళ్లు పనికి, చదువుకు, పుట్టింటికి వెళ్లగలిగారు. అయితే టికెట్టు తీసేసినంత వేగంగా బస్సులు పెరగలేదు. కిక్కిరిసిన బస్సులో మొదట నష్టపోయేది చేతికర్రతో ఉన్న మనిషి. సీటు మీద వికలాంగులకు అని రాసి ఉంటుంది, దాని దగ్గరికి చేరడమే కుదరదు. కాబట్టి ఉచిత ప్రయాణానికి కొట్టే జీరో టికెట్లకు ప్రభుత్వం కట్టే డబ్బు టైముకు రావాలి, అది కొత్త కిలోమీటర్లుగా మారాలి. ఆటోవాళ్ల జీవనం దెబ్బతిన్నదన్నది కూడా నిజమే. వాళ్లకు ఏటా సాయం ఇవ్వడం ఒక పద్ధతి. బస్సు వెళ్లని సందుల నుంచి స్టాపు దాకా వాళ్లనే అనుబంధ సర్వీసుగా పెట్టుకుని, ఒకే టికెట్టులో వాటా ఇవ్వడం ఇంకా మంచి పద్ధతి అని నా నమ్మకం.

డ్రైవర్ల మీద జనం చాలా కోపంగా ఉంటారు. ముసలివాళ్లు చెయ్యెత్తితే ఆపడు, ఆపినా పదడుగులు ముందుకు పోయి ఆపుతాడు, ఎక్కీఎక్కకముందే రైట్ అంటారు అని. ఇది నిజంగా జరుగుతుంది. ఒక పల్లెటూరి స్టేజీ దగ్గర నా కళ్ల ముందే జరిగింది. ఒక పెద్దావిడ మందుల సంచి పట్టుకుని, ఆగిన బస్సు వెనకాల కర్రతో పరుగెత్తబోయింది. బస్సు కదిలిపోయింది. దాని వెనక ఉన్న కారణం మీకు తెలియాలి. చార్టులో ప్రతి ట్రిప్పుకూ రన్నింగ్ టైము ఉంటుంది. చాలా రూట్లలో అది ట్రాఫిక్ తక్కువగా ఉన్న రోజుల్లో వేసింది. కర్రతో ఉన్న మనిషి ఎక్కి కూర్చోవడానికి ఒక నిమిషం పడుతుంది. వీల్‌చెయిర్ అయితే మూడు నాలుగు నిమిషాలు. ఆ నిమిషాలు చార్టులో లేవు. డ్రైవరు ఆగితే తర్వాతి ట్రిప్పు లేటు, భోజనం లేటు, డ్యూటీ దిగేది లేటు. మర్యాద గురించి ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా ఆ నిమిషాలు ఇవ్వకపోతే మార్పు రాదు. జీపీఎస్‌లో ఏ స్టాపులో ఎంతసేపు ఆగిందో ఇవాళ రికార్డవుతోంది. దాన్ని చూసి రన్నింగ్ టైము మళ్లీ వేయడం ట్రాఫిక్ విభాగం చేతిలో పని. పైసా ఖర్చు లేదు.

చూపు లేనివాళ్లకు, వినపడనివాళ్లకు కావాల్సింది సమాచారం. స్టాపులో నిలబడిన చూపులేని మనిషి ప్రతి బస్సుకూ పక్కవాళ్లను ఏ నంబరండీ అని అడగాలి. బస్సు ఆగగానే బయటికి వినిపించేలా నంబరు, వెళ్లే ఊరు చెప్పే స్పీకరు, లోపల తర్వాతి స్టాపు పేరు తెలుగులో చెప్పడం, తెర మీద రాయడం, ఇంతే. తెలంగాణలో గమ్యం యాప్, ఆంధ్రలో లైవ్ ట్రాక్ ఉన్నాయి. మంచివే. అందులో ఈ బస్సు లో ఫ్లోరా కాదా అన్న గుర్తు కూడా పెడితే మీలాంటివాళ్లు ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరాలో తెలుసుకుంటారు.

ఇక మీరు ఇప్పుడు చేయగలిగింది. అమ్మగారిని దారిలో స్టాపులో ఎక్కించకండి, బస్సు బయల్దేరే బస్టాండులోనే ఎక్కించండి, అక్కడ టైము దొరుకుతుంది. ముందు తలుపు దగ్గరి సీట్లు ముందుగా బుక్ చేయండి. నాలుగు రోజుల ముందే మీ డిపో మేనేజరు గారికి, రెండు బస్టాండ్ల అధికారులకు ప్రయాణం తేదీ, సర్వీసు టైము రాసి వీల్‌చెయిర్, ఎక్కడానికి స్టూలు, ఒక మనిషి సాయం అడగండి. కాగితం మీద అడిగితే చాలాచోట్ల చేస్తారు, అది నా అనుభవం. చేయకపోతే ఆ దరఖాస్తు నకలుతో రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు పెట్టండి. 2016 చట్టం ఆ పదవికి విచారణ జరిపే అధికారం ఇచ్చింది. అమ్మగారికి వైకల్య ధ్రువపత్రం తీసుకునే వీలుంటే ముందు అది తీసుకోండి, ఫిర్యాదుకు బలం వస్తుంది.

దానితోపాటు సమాచార హక్కు కింద సంస్థను మూడు ప్రశ్నలు అడగండి. కొత్తగా వచ్చే ఎలక్ట్రిక్ బస్సుల నేల ఎత్తు టెండరులో ఎన్ని మిల్లీమీటర్లు అని రాశారు? ర్యాంపు పనిచేయకపోతే ఎంత కోత వేస్తారు? ఆ బస్సులు తిరిగే రూట్లలో ఎన్ని స్టాపులకు 150 మిల్లీమీటర్ల ఫుట్‌పాత్ ఉంది? జవాబులు వచ్చాక ఇక్కడే పెట్టండి, వాటిని ఎలా చదవాలో, తర్వాత ఎవరికి రాయాలో చెబుతాను.